పదేళ్ళ తర్వాత మళ్ళీ రీలోడింగ్ బల్ల ముందు: లీ క్లాసిక్ టరెట్ ప్రెస్, దాని చుట్టూ సామాను

తుపాకీ తూటా కాల్చిన తర్వాత మిగిలే ఇత్తడి కేసును (గొట్టం లాంటి తొడుగును) పారేయకుండా శుభ్రం చేసి, పాత కొలతకు తెచ్చి, కొత్త ప్రైమర్ (కేసు అడుగున ఉండి, ట్రిగ్గర్ నొక్కగానే నిప్పు పుట్టించే చిన్న బిళ్ళ), పౌడర్ (మందు), బుల్లెట్ (ముందుకు దూసుకెళ్ళే ముక్క) అమర్చి మళ్ళీ తూటాగా తయారుచేసుకోవడాన్ని రీలోడింగ్ అంటారు. అమెరికాలో టార్గెట్ షూటింగ్ చేసేవాళ్ళకు ఇది చాలా పాత అలవాటు. ఒహాయోలో 2009లో నేను ఈ పని నేర్చుకుని, నాలుగేళ్ళు శ్రద్ధగా చేసి, పిల్లల చదువులూ ఉద్యోగపు ఒత్తిడీ పెరగడంతో 2013లో సామానంతా పెట్టెల్లో సర్దేశాను. 2023 చివర్లో, మా పెద్దమ్మాయి కాలేజీకి వెళ్ళిపోయిన తర్వాత, మళ్ళీ షూటింగ్ క్లబ్బుకు వెళ్ళడం మొదలుపెట్టి, ఆ పెట్టెలు ఒక్కొక్కటే విప్పాను. ఈ విరామం తర్వాత ఏది కొత్తగా కొనాలి, పాతవాటిలో ఏది ఉంచుకోవాలి అని రెండు నెలలు ఆలోచించి, చివరికి, పిడి లాగి కేసులను ఒత్తి ఈ పనులు చేసే యంత్రం, లీ క్లాసిక్ టరెట్ ప్రెస్ తీసుకున్నాను. దాని మీద ఇప్పటికి సుమారు మూడు వేల తూటాలు చేశాను కాబట్టి, దాని గురించీ, దాని పక్కన చేరిన మిగతా పనిముట్ల గురించీ నా అభిప్రాయం చెప్పడానికి తగినంత అనుభవం వచ్చిందని అనుకుంటున్నాను.

ముందు చట్టం సంగతి చెప్పాలి, ఎందుకంటే ఇది మన తెలుగువాళ్ళలో చాలామందికి నేరుగా తగులుతుంది. హెచ్-1బి, ఎఫ్-1 వంటి నాన్‌ఇమిగ్రెంట్ వీసాల మీద ఉన్నవాళ్ళు, చెల్లుబాటయ్యే హంటింగ్ లైసెన్స్ వంటి కొద్దిపాటి మినహాయింపులు ఉంటే తప్ప, ఫెడరల్ చట్టం ప్రకారం తుపాకీ గాని తూటాలు గాని దగ్గర ఉంచుకోకూడదు. ఆ చట్టం తూటాలకు ఇచ్చిన నిర్వచనంలోనే కేసులు, ప్రైమర్లు, బుల్లెట్లు, పౌడర్ కూడా చేరి ఉన్నాయి. కాబట్టి తుపాకీ స్నేహితుడిది, నేను ప్రైమర్లు మాత్రమే కొన్నాను అన్న సమర్థన నిలవదు. గ్రీన్ కార్డు వచ్చినవాళ్ళకు ఈ వీసా అడ్డంకి ఉండదు. సొంత వాడకానికి రీలోడ్ చేసుకోవడానికి ఫెడరల్ లైసెన్స్ అక్కర్లేదు, చేసినవాటిని వ్యాపారంగా అమ్మాలంటే కావాలి. దీని మీద ఎవరి రాష్ట్రపు నియమాలు వాళ్ళు విడిగా చూసుకోవాలి. భారతదేశంలో 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం తూటాల తయారీకి లైసెన్స్ తప్పనిసరి, అందువల్ల నేను రాసేదంతా అమెరికాలో ఉన్నవాళ్ళకే పరిమితం.

ఇంత శ్రమ ఎందుకు అన్నది రెండో ప్రశ్న. 9 ఎం.ఎం. తూటాలు మాత్రమే కాల్చేవాళ్ళకు నా సలహా, రీలోడింగ్ జోలికి పోవద్దని. 2020 నుంచి వచ్చిన కొరతలో ప్రైమర్ల ధర రెట్టింపుకు పైగా పెరిగింది, ఆ తర్వాత తగ్గినా పాత మూడు నాలుగు సెంట్ల స్థాయికి తిరిగి రాలేదు. నేను లెక్క వేసుకున్నప్పుడు ఇంట్లో చేసిన 9 ఎం.ఎం. తూటాకూ, షాపులో పెట్టెల లెక్కన దొరికే తూటాకూ తేడా చాలా కొద్దిగా తేలింది. నా సంగతి వేరు. నేను క్లబ్బులో బుల్స్‌ఐ పద్ధతిలో (గురి కచ్చితత్వం చూసే పిస్టల్ పోటీ), 25 గజాల, 50 గజాల దూరం నుంచి .38 స్పెషల్ రివాల్వర్‌తో కాలుస్తాను. దానికి నేను వాడేది 148 గ్రెయిన్ల (సుమారు 9.6 గ్రాముల) వాడ్‌కటర్, అంటే ముక్కు చదునుగా ఉండి, కాగితం మీద పంచింగ్ మిషన్ కొట్టినట్టు గుండ్రటి రంధ్రం చేసే సీసపు బుల్లెట్. ఈ రకం తూటా మామూలు షాపుల్లో అరుదుగా కనిపిస్తుంది, కనిపించినా దాని ధర చూస్తే నెలకు రెండు మూడు వందలు కాల్చేవాడికి గుండె గుభేలుమంటుంది. నాకు రీలోడింగ్ అవసరమే గాని సరదా మాత్రమే కాదు.

పాత పెట్టెల్లో దొరికినవాటిలో నాకు ఎక్కువ సంతోషం కలిగించింది ఆర్‌సీబీఎస్ వారి రాక్‌చకర్ ప్రెస్. ఈ కంపెనీని 1943లో కాలిఫోర్నియాలోని ఒరోవిల్‌లో ఫ్రెడ్ హంటింగ్టన్ మొదలుపెట్టాడు. రాక్‌చక్ అనే ఉడుత జాతి జంతువును వేటాడేందుకు బుల్లెట్లు తయారుచేసిన పరికరం పేరులోని నాలుగు పదాల తొలి అక్షరాలే కంపెనీ పేరయ్యాయి. గరాజ్‌లో పదేళ్ళు పడి ఉండటంతో నా ప్రెస్ రామ్ (కేసును పైకి తోసే కడ్డీ) మీద సన్నని ఎర్రటి తుప్పు పట్టింది. స్టీల్ ఊల్‌తో, నూనెతో ఒక సాయంత్రం రుద్దేసరికి మళ్ళీ వెన్నలా జారింది. మంచి పోత ఇనుము ప్రెస్ ఒక మనిషి జీవితకాలంలో అరిగిపోదు, కాబట్టి తిరిగి వచ్చేవాళ్ళు ఎవరైనా ముందుగా తమ పాత ప్రెస్‌ను అమ్మేయాలన్న ఆలోచన మానుకోవాలి. డైలు (ప్రెస్‌లో బిగించే, ఒక్కో పనికి ఒక్కోటి చొప్పున ఉండే ఉక్కు అచ్చులు) కూడా అంతే. అంగుళంలో ఎనిమిదింట ఏడు వంతుల వ్యాసం, అంగుళానికి 14 మరలు అన్న కొలత దాదాపు అన్ని కంపెనీలకూ ఉమ్మడిది గనుక, నా పాత డైలు కొత్త ప్రెస్‌లో అలాగే బిగిశాయి. దీనికి తెలిసిన ఒక మినహాయింపు డిల్లన్ వారి స్క్వేర్ డీల్ బి, దానికి దాని సొంత డైలే వాడాలి.

పౌడర్ డబ్బా మాత్రం ఉంచుకోలేదు. మూత తీయగానే మంచి పౌడర్‌కు ఉండే సాల్వెంట్ వాసనకు బదులు పుల్లటి ఘాటు వాసన ముక్కుకు తగిలింది, లోపలి అంచున ఎర్రటి పొడి కనిపించింది. పౌడర్ చెడిపోతోందనడానికి ఇవి రెండూ తిరుగులేని గుర్తులు. కొద్దిపాటి డబ్బు పోతుందని దాన్ని వాడటం ప్రాణంతో చెలగాటం. ఏ తూటాకు ఎంత పౌడర్ వేయాలో చెప్పే అప్పటి మాన్యువల్‌ను కూడా పక్కన పెట్టి కొత్త ముద్రణ కొన్నాను, ఎందుకంటే పౌడర్ కంపెనీలు తమ లెక్కలను కాలానుగుణంగా సవరిస్తూ ఉంటాయి. తాజా డేటాను తమ వెబ్‌సైట్లలో ఉచితంగా పెట్టే కంపెనీలూ ఉన్నాయి.

ఇక ప్రెస్ ఎంపిక. మార్కెట్లో మూడు రకాలున్నాయి. సింగిల్ స్టేజ్ ప్రెస్‌లో ఒకసారికి ఒకే డై, ఒకే పని. వంద కేసులకు మొదటి పని పూర్తిచేసి, డై మార్చి, మళ్ళీ వందకూ రెండో పని చేయాలి. టరెట్‌లో కొన్ని డైలు (నేను కొన్నదాంట్లో నాలుగు) ఒక గుండ్రటి పళ్ళెంలో బిగించి ఉంటాయి, కేసు ఉన్నచోటే ఉంటుంది, పళ్ళెం తిరుగుతుంది. ప్రోగ్రెసివ్‌లో అన్ని స్టేషన్లలోనూ ఒకేసారి పని జరుగుతుంది, పిడి లాగిన ప్రతిసారీ ఒక పూర్తయిన తూటా బయటపడుతుంది. పదేళ్ళ తర్వాత, చేతిలో కొంత డబ్బుతో తిరిగి వచ్చినవాడి చూపు సహజంగా ఈ మూడో రకం మీదికే పోతుంది. నా చూపూ పోయింది. డిల్లన్ ఎక్స్‌ఎల్ 650 స్థానంలో వచ్చిన ఎక్స్‌ఎల్ 750 ధర చూసి, వీడియోలు చూసి, దాదాపు ఆర్డర్ పెట్టేదాకా వెళ్ళి ఆగాను. అది చాలా మంచి యంత్రం, నెలకు వెయ్యి తూటాలు కాల్చేవాళ్ళకు దాన్ని మించినది తక్కువ. నేను ఆగడానికి కారణం యంత్రం కాదు, 2011లో జరిగిన ఒక సంఘటన.

ఆ రోజు క్లబ్బులో ఐదో తూటా కాల్చినప్పుడు పేలుడు శబ్దానికి బదులు, తడి బట్టను గోడకేసి కొట్టినట్టు చిన్న చప్పుడు వచ్చింది. నేను ఏకాగ్రతలో ఉండి ట్రిగ్గర్ మళ్ళీ నొక్కబోతుంటే పక్క లేన్‌లోని పెద్దాయన ఆపమని గట్టిగా అరిచాడు. ఆ కేసులో పౌడర్ లేదు. ప్రైమర్ బలానికే బుల్లెట్ బ్యారెల్ మధ్యదాకా వెళ్ళి ఇరుక్కుపోయింది. దాని వెనకనుంచి ఇంకొకటి వచ్చి ఉంటే బ్యారెల్ ఉబ్బడమో, పగలడమో జరిగేది. ఇత్తడి కడ్డీతో ఆ బుల్లెట్‌ను వెనక్కి కొట్టి తీస్తున్నంతసేపూ నా చేతులు వణుకుతూనే ఉన్నాయి. ఇంటికి వచ్చి ఆలోచిస్తే, ఆ కట్ట చేస్తున్న సమయంలో ఇండియా నుంచి ఫోన్ వచ్చి, మాట్లాడి వచ్చి, ఎక్కడ ఆపానో సరిగ్గా చూసుకోకుండా కొనసాగించానని గుర్తొచ్చింది.

దీనికి తిరగబడిన రూపం ఇంకా భయంకరమైనది. .38 స్పెషల్ బ్లాక్ పౌడర్ రోజుల వారసత్వంగా వచ్చిన కేసు, కాబట్టి అందులో చోటు ఎక్కువ. ఇప్పటి వేగంగా మండే పౌడర్లు టార్గెట్ తూటాకు చాలా కొద్దిగా సరిపోతాయి. ఒకే కేసులో పొరపాటున రెండుసార్లు పౌడర్ పడినా పొంగిపొర్లదు, బయటికి ఏమీ తెలియదు. దానిపైన వాడ్‌కటర్‌ను కేసు మూతి దాకా లోపలికి దించేస్తాం గనుక లోపలి చోటు ఇంకా తగ్గి, పీడనం రివాల్వర్ సిలిండర్‌ను చీల్చేంతకు పోగలదు. కాబట్టి నేను పరికరాలను తూచిన తూకం ఒక్కటే: బుల్లెట్ పెట్టే ముందు ప్రతి కేసు లోపలికీ నా కళ్ళతో చూసే అవకాశం ఈ పనిముట్టు నాకు ఇస్తుందా, లేదా? పెద్ద ప్రోగ్రెసివ్‌లలో పౌడర్ మట్టం తప్పితే బీప్ కొట్టే పరికరం బిగించుకోవచ్చు, అది ఉపయోగకరమే. అయినా విరామం తర్వాత వచ్చి, చేతికి ఇంకా పని పట్టుబడని మనిషి ఒకేసారి నాలుగైదు స్టేషన్లను గమనించాల్సిన పరిస్థితిలోకి దిగడం నాకు సరికాదనిపించింది.

లీ ప్రెసిషన్ విస్కాన్సిన్‌లోని హార్ట్‌ఫర్డ్ కంపెనీ. వీళ్ళ క్లాసిక్ టరెట్ ప్రెస్ అడుగుభాగం పోత ఇనుము, పైన మూడు స్తంభాల మీద టరెట్ డిస్క్ కూర్చునే చట్రం, మధ్యలో మెలితిరిగిన చదరపు కడ్డీ ఉంటాయి. పిడిని కిందికి లాగి తిరిగి పైకి వదిలేసరికి ఆ కడ్డీ మెలిక వల్ల డిస్క్ పావు చుట్టు తిరిగి తర్వాతి డై ముందుకు వస్తుంది. ఆ కడ్డీని బయటికి లాగేస్తే ఇదే యంత్రం సింగిల్ స్టేజ్‌లా పనిచేస్తుంది, అది అర నిమిషం పని. పాత ప్రైమర్లు రామ్ లోపలి రంధ్రం గుండా కింది గొట్టంలోకి జారి సీసాలో పడతాయి గనుక నేల మీద చెల్లాచెదురు కావు. డైలు బిగించిన డిస్క్‌ను చేత్తో ఎత్తి పక్కన పెట్టి, ఇంకో తూటా రకానికి సర్దిన డిస్క్‌ను దించుకోవచ్చు. డిస్క్ ధర తక్కువ కాబట్టి ఒక్కో రకానికి ఒకటి ఉంచుకోవడం భారం కాదు. డైలను మళ్ళీ మళ్ళీ సర్దే బాధ తప్పడం ఎంత సుఖమో పాత రోజుల్లో ప్రతిసారీ లాక్ రింగులతో కుస్తీ పట్టినవాళ్ళకే తెలుస్తుంది.

నేను దీన్ని కంపెనీ చెప్పిన క్రమంలో వాడటం లేదు. కేసుల సైజింగ్ (పాత కొలతకు తేవడం), పాత ప్రైమర్ తీయడం ముందే ఒక విడతగా పూర్తిచేసి, కడిగి, ఆరబెట్టి, కొత్త ప్రైమర్లు చేతి పనిముట్టుతో పెట్టేస్తాను. అందువల్ల టరెట్‌లో సైజింగ్ డై అవసరం ఉండదు, నాలుగు రంధ్రాల్లో ఒకటి ఖాళీ అవుతుంది. ఆ ఖాళీని నేను రెండో స్థానంలో ఉంచాను. మొదటి స్థానంలో కేసు మూతి కాస్త విచ్చుకుని పౌడర్ పడుతుంది. పిడి పైకి రాగానే డిస్క్ తిరిగి ఖాళీ రంధ్రం కేసు మీదికి వస్తుంది. పైన బిగించిన చిన్న ఎల్ఈడీ దీపం వెలుతురు ఆ రంధ్రం గుండా నేరుగా కేసు అడుగుకు పడుతుంది. బావిలోకి తొంగి చూసినట్టు ఒకసారి వంగి చూస్తాను. బూడిద రంగు పౌడర్ రేకులు ప్రతిసారీ ఒకే మట్టంలో, ఇత్తడి గోడ మీద ఒకే గీత దగ్గర కనిపించాలి. కనిపించిన తర్వాతే ఒక ఉత్త లాగుడు లాగి, మూడో స్థానంలో బుల్లెట్ కూర్చోబెట్టి, నాలుగో స్థానంలో క్రింప్ వేస్తాను, అంటే కేసు మూతిని బుల్లెట్ మీదికి నొక్కి బిగిస్తాను. దీనివల్ల గంటకు నూట ఇరవై తూటాలకు మించి రావు. నెలకు మూడు వందలు కాల్చేవాడికి ఇది రెండు మూడు సాయంత్రాల పని, ఆ నిదానం నాకు హాయిగా ఉంది.

కొనేవాళ్ళు తెలుసుకోవాల్సినవి రెండున్నాయి. డిస్క్ చేత్తో ఎత్తేలా ఉండాలి కాబట్టి చట్రంలో కొద్దిగా వదులుగా కూర్చుంటుంది, డై మీద కేసు ఒత్తినప్పుడు సన్నగా పైకి లేస్తుంది. ప్రతిసారీ ఒకేలా లేస్తుంది గనుక పిస్టల్, రివాల్వర్ తూటాలకు దీనివల్ల తేడా రాదు. దూరపు టార్గెట్ రైఫిల్ తూటాలకు మాత్రం నేను పాత రాక్‌చకర్‌నే వాడుతున్నాను. రెండోది, డిస్క్‌ను తిప్పే చిన్న ప్లాస్టిక్ ముక్క. పిడి సగంలో ఉండగా డిస్క్‌ను చేత్తో బలవంతంగా తిప్పితే అది అరిగిపోతుంది. ఒకటి అదనంగా కొని డ్రాయర్లో పెట్టుకోవడం మంచిది.

తూకం దగ్గరికి వస్తే, నేను ప్రెస్ కన్నా దీనికే ఎక్కువ ప్రాముఖ్యం ఇస్తాను. రీలోడింగ్‌లో బరువు గ్రెయిన్లలో చెబుతారు. పౌనుకు 7,000 గ్రెయిన్లు, గ్రాములో పదిహేనుకు పైగా గ్రెయిన్లు. మన వాళ్ళకు ఇది పరాయి కొలత అనిపించవచ్చు గాని, బ్రిటిష్ వారు 1833లో తులాన్ని సరిగ్గా 180 గ్రెయిన్లుగా ఖాయం చేశారు. ఈ లెక్కన నా వాడ్‌కటర్ బుల్లెట్ బరువు తులానికి కొంచెం తక్కువ, పౌడర్ తూకంలో పట్టించుకునే గ్రెయిన్‌లో పదో వంతు తేడా అయితే గురివింద గింజలో ఇరవయ్యో వంతుకు దగ్గరగా ఉంటుంది. చిన్నప్పుడు ప్రొద్దుటూరు పసిడి బజారులో మా నాన్నగారి చెయ్యి పట్టుకుని నిలబడినప్పుడు, అద్దాల పెట్టెలో ఉన్న త్రాసు ముల్లు నిలిచేదాకా కంసాలి ఫ్యాన్ ఆపించి, ఊపిరి కూడా పక్కకు తిప్పి వదలడం నాకు బాగా గుర్తుంది. నా బల్ల దగ్గర ఇప్పుడు నేను చేసేది అదే. ఏసీ గాలి తగిలితే బీమ్ స్కేల్ (దండెతో తూచే త్రాసు) ముల్లు ఊగుతూనే ఉంటుంది, అందుకే గాలి వచ్చే వెంట్‌ను అట్టతో మూసి మొదలుపెడతాను.

మొదట చవకలో ఒక డిజిటల్ స్కేల్ కొన్నాను, దాని కంపెనీ పేరు ఇక్కడ అవసరం లేదు. అరగంటలో సున్నా తనంతట తాను కదిలింది. ఒకే బుల్లెట్ మూడుసార్లు పెడితే మూడు అంకెలు చూపించింది. తిరిగి ఇచ్చేసి, పాత బీమ్ స్కేల్‌నే శుభ్రం చేసుకుని, దానికి తోడు చెక్ వెయిట్లు, అంటే కచ్చితమైన బరువు తెలిసిన చిన్న లోహపు తూకపు రాళ్ళు కొన్నాను. డిజిటల్ అయినా, బీమ్ అయినా, ప్రతి సాయంత్రం ముందుగా ఆ రాళ్ళతో పరీక్షించకుండా పౌడర్ డబ్బా మూత తీయకూడదని నేను పెట్టుకున్న నియమం. పౌడర్‌ను కొలిచి పోసే పౌడర్ మెజర్ వేసే మొదటి పది మోతాదులను తూచి వెనక్కి డబ్బాలో పోసేస్తాను, ఆపైన ఇరవైకి ఒకటి తూస్తాను. బల్ల మీద ఎప్పుడూ ఒకే పౌడర్ డబ్బా ఉంటుంది.

ప్రైమర్లు ప్రెస్ మీదే పెట్టుకునే ఏర్పాటు ఈ టరెట్‌లో ఉంది, కాని నేను చేతి పనిముట్టునే ఇష్టపడతాను. బొటనవేలి కింద ప్రైమర్ గూటిలోకి జారి, అడుగున ఆగిన క్షణం స్పష్టంగా తెలుస్తుంది. పెట్టిన ప్రతిదాని మీదా వేలు ఆడించి, కేసు అడుగు మట్టం కన్నా కొంచెం లోపల ఉందో లేదో చూస్తాను. రివాల్వర్‌లో ప్రైమర్ పైకి పొడుచుకు వస్తే సిలిండర్ తిరగక మొరాయిస్తుంది. మిగతా చిన్న సామానులో, బుల్లెట్ కూర్చున్న లోతు చూడటానికి ఒక మాదిరి కాలిపర్, రివాల్వర్ కేసులకు నూనె రాయాల్సిన అవసరం లేని కార్బైడ్ సైజింగ్ డై, మెత్తటి సీసపు బుల్లెట్ అడుగు నలగకుండా మూతిని తగినంత లోతుగా విప్పే పొడవైన ఎక్స్‌పాండర్ ఉంటే చాలు. మోటరుతో పౌడర్ తూచి పోసే యంత్రాలూ, రంగురంగుల ట్రేలూ తర్వాత చూసుకోవచ్చు.

శుభ్రం చేసే పద్ధతిలో మాత్రం పాత అలవాటు పూర్తిగా మార్చుకున్నాను. అప్పట్లో మొక్కజొన్న కండె పొట్టుతో నడిచే వైబ్రేటర్‌ను గరాజ్‌లోనే ఆడించి, మూత తీసినప్పుడు లేచే దుమ్మును పట్టించుకునేవాణ్ణి కాదు. మామూలు ప్రైమర్లలో సీసపు రసాయనం ఉంటుంది, కాల్చిన కేసుల్లో దాని మసి మిగులుతుంది, ఆ దుమ్ములో సీసం ఉంటుంది. చిన్నపిల్లలున్న ఇంట్లో అది నేను చేసిన తప్పు. ఇప్పుడు నీళ్ళలో స్టీలు పిన్నులతో తిప్పే వెట్ టంబ్లర్ వాడుతున్నాను, దుమ్ము లేవదు. మురికి నీళ్ళను చేతి తొడుగులు వేసుకునే ఒంపుతాను. దానికి వాడే జల్లెడ, గిన్నె వంటింట్లోకి ఎన్నడూ రావు. పని అయ్యాక చేతులు చల్లటి నీళ్ళతో, సీసం వదిలించే సబ్బుతో కడిగాకే మంచినీళ్ళయినా ముట్టుకుంటాను. ఈ టంబ్లర్ మీద పెట్టిన డబ్బుకు ఇంట్లో ఎవరూ అభ్యంతరం చెప్పలేదు.

పౌడర్‌ను దాని అసలు డబ్బాలోనే, చల్లగా పొడిగా ఉండే బేస్‌మెంట్‌లో ఉంచుతున్నాను. అమెరికాలో అగ్ని ప్రమాదాల నివారణ సంఘం (ఎన్ఎఫ్‌పీఏ) 495 ప్రమాణం ప్రకారం ఇళ్ళలో పౌడర్ 20 పౌన్లు దాటితే అంగుళం మందపు చెక్క పెట్టె కావాలి, ప్రైమర్ల పరిమితి 10,000. నా నిల్వ ఈ రెండింటికీ చాలా దిగువనే ఉంటుంది. డబ్బాకు మంటలకు ఆస్కారమిచ్చే వాటర్ హీటర్ పక్కన చోటివ్వకూడదు, తాళం తప్పనిసరి.

ప్రతి వేసవిలో ఈరీ సరస్సు ఒడ్డున క్యాంప్ పెర్రీలో జరిగే నేషనల్ మ్యాచెస్ షూటింగ్ పోటీలకు ఈసారి పోటీదారుగా వెళ్ళాలని ఉంది. అక్కడ .38తో పాటు .45 క్యాలిబర్ తూటాలు కూడా కాల్చాలి గనుక దానికి రెండో టరెట్ డిస్క్ తెప్పించాను. డైలు బిగించడం మొదలుపెట్టాను. రెండో రంధ్రం ఇందులోనూ ఖాళీగానే ఉంటుంది.